ఉద్యోగం లేకపోయినా ఉండనిస్తారా?

యూరప్‌లో ఒక దేశంలో స్థిరపడ్డవాళ్ళు పక్క దేశానికి మారడం గురించి ఇదివరకు ఈ శీర్షికలో ఉద్యోగాల వైపు నుంచే మాట్లాడుకున్నాం. ఈసారి చేరిన ఉత్తరాలు వేరు. కొందరు ఉద్యోగం వద్దనుకుంటున్నారు, కొందరికి పోయింది, ఇంకొందరికి మొదటినుంచీ లేదు. అందరూ అడిగేది ఒకటే: జీతం చీటీ చూపించకుండా మరో దేశంలో నివాస హక్కు వస్తుందా? ఉత్తరాల్లోంచి పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

*

“పదేళ్ళుగా మ్యూనిక్‌లో ఉంటున్నాం. ఈమధ్యే నేను జర్మన్ పౌరసత్వం తీసుకున్నాను. పాపకు ఏడేళ్ళు, తనూ జర్మన్ పౌరురాలే. మా ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టు. ఉద్యోగం మానేసి కొన్నేళ్ళు స్పెయిన్‌లో, వలెన్సియాలో ఉందామని ఉంది. మియాపూర్‌లో రెండు ఫ్లాట్ల అద్దె వస్తుంది, కొంత దాచుకున్నదీ ఉంది. ఉద్యోగం లేకుండా ఉండనిస్తారా? బ్యాంకులో ఎంత చూపించాలి?”

ఉండనిస్తారు. మీ చేతిలో ఉన్నది యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు కాబట్టి మీరు వీసా అడుక్కోనక్కర్లేదు, నమోదు చేయించుకుంటే చాలు. 2004లో వచ్చిన 38వ నంబరు డైరెక్టివ్ ప్రకారం మొదటి మూడు నెలలు పాస్‌పోర్టో, గుర్తింపు కార్డో ఉంటే సరిపోతుంది. ఏం చేస్తున్నారని ఎవరూ అడగరు. మూడు నెలలు దాటి ఉండాలంటే మాత్రం ఉద్యోగమో వ్యాపారమో ఉండాలి. అవి లేనివాళ్ళు రెండు చూపించాలి: కుటుంబం గడవడానికి సరిపడా డబ్బు, అందరికీ పూర్తి స్థాయి హెల్త్ ఇన్సూరెన్స్. ఆ దేశపు సంక్షేమ ఖజానాకు మీరు భారం కాకూడదన్నదే దీని వెనకున్న ఉద్దేశం.

ఎంత డబ్బు అన్నదానికి ఒకే అంకె లేదు. ఉండకూడదు కూడా. ఇంత ఉంటేనే ఇస్తామని ఒక మొత్తాన్ని గిరి గీసి పెట్టడాన్ని ఆ డైరెక్టివే నిషేధించింది. ప్రతి కుటుంబం పరిస్థితినీ విడిగా చూడాలి, స్థానికులకు సంక్షేమ సాయం అందే ఆదాయ పరిమితి కన్నా ఎక్కువ అడగకూడదు. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి తన దగ్గరున్న అంకెతోనే పోల్చి చూస్తాడనుకోండి, అది వేరే సంగతి. మీ రెండు ఫ్లాట్ల అద్దె, దాచుకున్న డబ్బు కలిపితే ఆ గీత దాటడం కష్టం కాకపోవచ్చు. అద్దె ఒప్పందాలు, కనీసం ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇంగ్లీషులోనో స్పానిష్‌లోనో సిద్ధం చేసుకోండి.

డబ్బు ఎక్కడినుంచి వస్తోందన్నది మీ హక్కుకు అడ్డు కాదు. దీన్ని తేల్చిన కేసు చిత్రమైనది. బెల్ఫాస్ట్‌లో పుట్టడం వల్ల ఐరిష్ పౌరసత్వం వచ్చిన కేథరిన్ జూ అనే పసిపాపతో, చైనా పౌరురాలైన తల్లి చెన్ బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఉండాలనుకుంది. పాపకు సొంత ఆదాయం ఏముంటుంది, ఆ డబ్బు తల్లిదే కదా అన్నారు అధికారులు. 2004 అక్టోబరులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: డబ్బు ఉందా లేదా అన్నదే ప్రశ్న, ఎవరి ద్వారా వచ్చిందన్నది కాదు. పాపకు హక్కు ఉంది, పాపను చూసుకునే తల్లికీ ఉంది. కాబట్టి మియాపూర్ అద్దె చెల్లుతుంది. రేపు మీ ఆవిడ సంపాదించినా చెల్లుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది డబ్బు దగ్గర కాదు, ఇన్సూరెన్స్ దగ్గర. ఉద్యోగం మాని దేశం మారగానే మీ జర్మన్ బీమా ఆగిపోతుంది. పర్సులో ఉన్న యూరోపియన్ హెల్త్ కార్డు తాత్కాలికంగా వెళ్ళేవాళ్ళ కోసం, కాపురం మార్చేవాళ్ళ కోసం కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ అసలు పనికిరాదు. స్పెయిన్‌లో పనిచేసే కంపెనీ దగ్గర, ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా మీ వాటా కట్టే పనిలేని పాలసీ ముగ్గురికీ తీసుకోండి. నమోదు తేదీ నుంచే అది అమల్లో ఉండాలి. స్పెయిన్‌లో ఏడాది నివాసం పూర్తయ్యాక, ఇంకే కవరేజీ లేనివాళ్ళు నెలకు 60 యూరోలు కట్టి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో చేరే ఏర్పాటు ఉంది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు అది 157 యూరోలు. మొదటి ఏడాది ప్రైవేటు పాలసీ తప్పదు.

ఇక మీ ఆవిడ సంగతి. మీ భార్యగా ఆమెకూ నివాస హక్కు ఉంది. స్పెయిన్ చేరిన మూడు నెలల్లోపు ‘యూరోపియన్ పౌరుడి కుటుంబ సభ్యురాలి’ కార్డుకు దరఖాస్తు పెట్టాలి, ఆరు నెలల్లో కార్డు ఇవ్వాలి. పెట్టిన వెంటనే ఇచ్చే రసీదు జాగ్రత్త చేసుకోండి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మీరు ఉద్యోగం చేయకపోయినా, ఆ హక్కుతో ఆమె ఉద్యోగం చేసుకోవచ్చు, విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. పెళ్ళి సర్టిఫికెట్‌కు ఇండియాలో విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించి, స్పెయిన్ గుర్తించిన ప్రమాణ అనువాదకుల చేత స్పానిష్‌లోకి మార్పించండి. ఇండియాలో ఎవరినో పంపి చేయించే పని కాబట్టి బయల్దేరడానికి చాలా ముందే మొదలుపెట్టాలి.

ఆమె జర్మన్ పర్మిట్ మాత్రం పోతుందనే అనుకోండి. కాపురం ఎత్తేసి వెళ్తే వెంటనే, మామూలుగా ఆరు నెలలు దాటితే అది రద్దవుతుంది. అలాగని భయపడొద్దు. పేరుకు కాకుండా నిజంగా స్పెయిన్‌లో ఆ హక్కు కింద కలిసి కాపురం ఉండి తిరిగొస్తే, జర్మనీలో కూడా యూరోపియన్ చట్టమే ఆమెకు దారి ఇస్తుంది. ఈ సూత్రం 1992లో సురీందర్ సింగ్ అనే భారతీయుడి కేసులో పుట్టింది. బ్రిటిష్ భార్యతో జర్మనీలో ఉద్యోగం చేసి బ్రిటన్ తిరిగెళ్ళిన మనిషి ఆయన. ఉద్యోగం చేయనివాళ్ళకు కూడా ఇది వర్తిస్తుందని 2014లో మరో తీర్పు వచ్చింది. వారాంతాల్లో వెళ్ళిరావడం లెక్కలోకి రాదని కూడా అందులోనే తేల్చారు.

పన్ను మాట కూడా చెప్పాలి. ఏడాదిలో 183 రోజులు దాటి స్పెయిన్‌లో ఉంటే మీ ప్రపంచ ఆదాయమంతా అక్కడ చూపించాలి. మియాపూర్ అద్దె మీద ఇండియాలో కట్టిన పన్నును రెండు దేశాల ఒప్పందం ప్రకారం తగ్గించుకోవచ్చు. చూపించకుండా వదిలేయడానికి మాత్రం వీల్లేదు. ఐదేళ్ళు ఇలా చట్టబద్ధంగా ఉంటే శాశ్వత నివాస హక్కు వస్తుంది. ఆ తర్వాత డబ్బు గురించీ ఇన్సూరెన్స్ గురించీ ఎవరూ అడగరు.

*

“ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడేళ్ళుగా ఉద్యోగం. ఇండియన్ పాస్‌పోర్టు, జర్మనీ పీఆర్ ఉంది. కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతుంది. నెదర్లాండ్స్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళి ఒక ఏడాది చదువుకుంటూ, పొదుపు మీద బతకాలని నా ఆలోచన. పీఆర్ ఉంది కాబట్టి యూరప్‌లో ఎక్కడైనా ఉండొచ్చు కదా?”

ఆ చివరి వాక్యమే ప్రమాదం. ‘పీఆర్’ అని మనం ఒకే మాట వాడతాం గానీ జర్మనీలో అవి రెండు రకాలు. కార్డు మీద ఏం రాసుందో చూడండి. ‘నీడర్లాసుంగ్స్‌ఎర్లౌబ్నిస్’ అని ఉంటే అది జర్మనీ గడప దాటి పనిచేయదు. దాంతో నెదర్లాండ్స్‌కు 180 రోజుల్లో 90 రోజులు చుట్టపుచూపుగా వెళ్ళిరావచ్చు, అంతే. ‘డావర్‌ఔఫెంట్‌హాల్ట్ ఈయూ’ అని ఉంటే అది 2003 నాటి మరో డైరెక్టివ్ కింద ఇచ్చిన దీర్ఘకాల నివాస హోదా. దానికి పక్క దేశాల్లో విలువ ఉంది.

మీ దగ్గర మొదటిదే ఉండివుంటే, కాంట్రాక్టు ముగిసేలోపే రెండోదానికి దరఖాస్తు పెట్టండి. స్థిరమైన ఆదాయం చూపించమంటారు, ఉద్యోగం పోయాక అది చూపించడం కష్టం. జర్మనీలో రెండు కార్డులూ పక్కపక్కన ఉంచుకోవచ్చని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానమే చెప్పింది కాబట్టి ఒకటి వదులుకోవాలన్న బెంగ వద్దు.

ఆ హోదా ఉన్నా మీది పౌరుల హక్కు లాంటిది కాదు. నెదర్లాండ్స్ చేరిన మూడు నెలల్లోపు అక్కడి పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. చదువు కోసమైతే అడ్మిషన్, క్రమంగా వచ్చే ఆదాయం, హెల్త్ ఇన్సూరెన్స్ చూపించాలి. మొదటి కేసులో దాచుకున్న డబ్బు చాలా దూరం తీసుకెళ్తుంది, ఇక్కడ ‘స్థిరమైన, క్రమమైన’ ఆదాయం అన్న మాట మీద పట్టుబడతారు. పొదుపును నెలనెలా వచ్చే రూపంలో చూపించగలిగితే మేలు. అక్క స్పాన్సర్‌షిప్ మీద ఆశ పెట్టుకోవద్దు. డెన్మార్క్, ఐర్లాండ్ ఈ డైరెక్టివ్‌లో లేవు కాబట్టి అటు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇంకొక్క మాట. ఈ హోదా ఉన్నవాళ్ళు యూరోపియన్ యూనియన్ బయట వరుసగా 12 నెలలు ఉంటే అది పోతుంది. ఆ మధ్యలో కొద్ది రోజులు వచ్చి వెళ్ళినా సరిపోతుందని 2022 జనవరిలో న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. బ్లూ కార్డు మీదుగా ఈ హోదాకు వచ్చినవాళ్ళకైతే 24 నెలల గడువు. జర్మనీలో ఆరేళ్ళు కాలుపెట్టకపోతే మాత్రం యూనియన్‌లో ఎక్కడున్నా పోతుంది.

*

“అయ్యా, మాది తెనాలి. ఇద్దరం రిటైరైన టీచర్లం. ఒక్కడే కొడుకు, ఐండ్‌హోవెన్‌లో ఉంటాడు, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మేము అతని దగ్గరే ఉండిపోవాలని కోరిక. మాకు పెన్షన్ వస్తుంది, ఎవరికీ భారం కాము. యూరప్ చట్టంలో తల్లిదండ్రులకు హక్కు ఉందని విన్నాం.”

మీరు విన్నది సగం నిజం. చట్టంలో తల్లిదండ్రుల మాట ఉంది. అయితే అందుకు రెండు గుమ్మాలు దాటాలి, మీరు రెండిటి దగ్గరా ఆగిపోతున్నారు.

మొదటిది: మీ అబ్బాయి డచ్ పౌరుడు, ఉంటున్నది నెదర్లాండ్స్‌లోనే. సొంత దేశంలో ఉన్నవాళ్ళకు ఈ యూరోపియన్ చట్టం వర్తించదు. డచ్ దేశీయ చట్టమే వర్తిస్తుంది, అది తల్లిదండ్రుల విషయంలో చాలా బిగుతు. అదే మీ అబ్బాయి బెల్జియంలోనో జర్మనీలోనో కాపురం ఉంటే యూరోపియన్ చట్టం తలుపు తెరుస్తుంది. ఐండ్‌హోవెన్ నుంచి బెల్జియం సరిహద్దు ఎంతో దూరం లేదు. అటువైపు ఇల్లు తీసుకుని ఇటువైపు ఉద్యోగానికి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. డచ్‌వాళ్ళు దీన్ని ‘బెల్జియం రూట్’ అనే పిలుస్తారు. ఇది దొంగదారి కాదు, నిజంగా అక్కడ కాపురం ఉంటే పూర్తిగా చట్టబద్ధం.

రెండో గుమ్మం ఎత్తైనది. తల్లిదండ్రులు కొడుకు మీద ‘ఆధారపడి’ ఉండాలి. అంటే మీ ఊళ్ళో మీ కనీస అవసరాలు అతని డబ్బు లేకుండా తీరని పరిస్థితి ఇప్పటికే ఉండాలి. యూరప్ వెళ్ళాక ఆధారపడతాం అంటే కుదరదు. 2014లో ఫిలిప్పీన్స్ నుంచి స్వీడన్ చేరిన ఒక యువతి కేసులో, చాలాకాలంగా క్రమం తప్పకుండా డబ్బు పంపుతుండటం, ఆ డబ్బుతోనే అక్కడ గడుస్తుండటం ఆధారపడటానికి నిదర్శనమేనని న్యాయస్థానం చెప్పింది. మీకు రెండు పెన్షన్లు వస్తున్నాయి. ఎవరికీ భారం కామని మీరు గర్వంగా రాసిన మాటే ఈ దరఖాస్తుకు అడ్డు. పెన్షన్ దాచిపెట్టి కొడుకు పంపినట్టు బ్యాంకు లావాదేవీలు సృష్టిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అబద్ధపు పత్రం దొరికితే విజిటర్ వీసా కూడా పోగొట్టుకుంటారు.

మరి సొంత డబ్బుతో వెళ్ళే దారి? స్పెయిన్‌లో ‘నో లుక్రతీవా’ అనే వీసా ఉంది. ఇండియన్ పాస్‌పోర్టు మీదే తీసుకోవచ్చు, పని చేయకూడదు. ఆదాయం దరఖాస్తుదారుకు నెలకు 2,400 యూరోలు, రెండో మనిషికి మరో 600. ఇద్దరికీ కలిపి సుమారు మూడు లక్షల రూపాయలు, నెలనెలా. ఆ పైన మీ వయసుకు ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్స్. ఇటలీ, పోర్చుగల్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. వచ్చినా మీరు ఉండేది స్పెయిన్‌లో, కొడుకు ఉండేది నెదర్లాండ్స్‌లో. తెనాలి వదిలి తెలియని ఊళ్ళో ఇద్దరే ఉండటానికి ఇంత ఖర్చు ఎందుకు?

నా సలహా: విజిటర్ వీసా మీద ఏటా వెళ్ళి రండి. 180 రోజుల్లో 90 రోజులు. ఒకే ప్రయాణంలో ముగించకుండా, ఎక్కువసార్లు వెళ్ళిరాగల వీసా అడగండి. గత ప్రయాణాలు సక్రమంగా ముగించినవాళ్ళకు దీర్ఘకాలం చెల్లే వీసాలు ఇస్తున్నారు. మీలో ఒకరికి ఒంట్లో బాగాలేక నిజంగా అబ్బాయి సాయంతోనే గడిచే రోజు వస్తే, అప్పుడు బెల్జియం దారి గురించి అతనితో మాట్లాడి మళ్ళీ రాయండి.

*

“అక్కా, మేము బ్రస్సెల్స్‌లో నాలుగేళ్ళుగా ఉంటున్నాం. మా ఆయన జర్మన్ పౌరుడు. నాది ఇండియన్ పాస్‌పోర్టు, కుటుంబ సభ్యురాలి కార్డు. ఉద్యోగం లేదు. రెండు నెలలుగా వేరే ఇంట్లో ఉంటున్నాడు. విడాకులు తీసుకుంటాను, నీ కార్డు పోతుంది, ఇండియా వెళ్ళిపో అంటున్నాడు. పెళ్ళయి ఆరేళ్ళు. నేను వెళ్ళిపోవాల్సిందేనా?”

అక్కర్లేదమ్మా. ముందు ఒక పని చేయకండి: ఇండియా వెళ్ళకండి. “కొన్నాళ్ళు మీ అమ్మగారింట్లో ఉండి రా, తర్వాత చూద్దాం” అని అతనో, పెద్దవాళ్ళో అంటే ఒప్పుకోకండి. ఇప్పుడు ఏడాదిలో ఆరు నెలలకు మించి బయట ఉంటే మీ నివాసం తెగిపోతుంది. మీకు శాశ్వత హక్కు రావడానికి ఇంక ఒక్క ఏడాదే ఉంది. పాస్‌పోర్టు, కార్డు, పెళ్ళి సర్టిఫికెట్ మీ దగ్గరే ఉంచుకోండి. ఫోటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపండి.

వేరే ఇంట్లో ఉన్నంత మాత్రాన మీ హక్కు పోదు. విడాకులు మంజూరయ్యేదాకా మీరు అతని భార్యే. ఇది 1985లోనే యూరోపియన్ న్యాయస్థానం తేల్చిన సంగతి. విడాకుల తర్వాత కూడా దారి ఉంది. విడాకుల కేసు మొదలయ్యేనాటికి పెళ్ళయి మూడేళ్ళు, అందులో కనీసం ఏడాది మీరున్న దేశంలో గడిచివుంటే మీ హక్కు మీకు మిగులుతుంది. మీకు రెండూ ఉన్నాయి.

ఒక మెలిక ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. ఐర్లాండ్‌లో కుల్దీప్ సింగ్ అనే భారతీయుడి లాత్వియన్ భార్య ముందు దేశం వదిలి వెళ్ళి, ఆ తర్వాత విడాకుల కేసు వేసింది. యూరోపియన్ పౌరురాలు వెళ్ళిపోయిన రోజే అతని హక్కు ముగిసిందని 2015లో న్యాయస్థానం చెప్పింది. అంటే మీ ఆయన బెల్జియంలో ఉండగానే కోర్టులో కేసు మొదలై ఉండాలి. అతను జర్మనీ వెళ్ళే సన్నాహాల్లో ఉన్నాడనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకుండా అక్కడి ఫ్యామిలీ లాయర్‌ను కలవండి, కేసు మీరే వేయొచ్చు. ఆదాయం లేనివాళ్ళకు బెల్జియంలో ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం ఉంది. కొట్టడం, బెదిరించడం జరిగివుంటే పోలీసు ఫిర్యాదు, డాక్టరు రిపోర్టు దాచండి. హింస జరిగినచోట, భర్త దేశం వదిలాక కేసు వేసినా అది సహేతుకమైన గడువులో అయితే హక్కు నిలుస్తుందని 2021లో తీర్పు ఉంది. ఆ తీర్పు బెల్జియం నుంచి వెళ్ళిన కేసులోదే.

విడాకుల తర్వాత మీ హక్కు మీ కాళ్ళ మీద నిలబడాలి. ఉద్యోగం ఉండాలి, లేదా సరిపడా డబ్బు, ఇన్సూరెన్స్ ఉండాలి. మీ కార్డుతో ఇప్పుడే ఉద్యోగం చేయొచ్చు. చిన్నదైనా సరే, లెక్కల్లోకి వచ్చే ఉద్యోగం ఒకటి మొదలుపెట్టండి. కోర్టులో విడాకుల తేదీ కన్నా ముందే అది చేతిలో ఉంటే మీ కేసు సగం తేలికవుతుంది.

*

“నేను జర్మన్ పౌరుణ్ణి, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ళు పనిచేశాను. కంపెనీ తీసేసింది. ఇప్పుడు నేను ‘ఉద్యోగం లేనివాడి’ కింద డబ్బు చూపించాలా?”

వద్దు. ఏడాదికి మించి పనిచేసి, మీ తప్పులేకుండా ఉద్యోగం పోయి, ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుంటే చట్టం దృష్టిలో మీరు ఇంకా కార్మికుడే. నమోదు ఆలస్యం చేయకండి. ఏడాది లోపు పనిచేసినవాళ్ళకు ఆ రక్షణ కనీసం ఆరు నెలలు ఉంటుంది.

*

“మా బాబు బీటెక్ అయ్యింది. విజయవాడలో ఒక ఏజెంటు, ఉద్యోగం అక్కర్లేదు, పోర్చుగల్ రెసిడెన్సీ ఇప్పిస్తాను, కార్డు రాగానే జర్మనీ వెళ్ళి ఉద్యోగం చేసుకోవచ్చు అంటున్నాడు. బ్యాంకు బ్యాలెన్సు వాళ్ళే చూపిస్తారట. ఎనిమిది లక్షలు అడుగుతున్నాడు.”

ఇవ్వకండి. పోర్చుగల్ ‘డీ7’ వీసా నిజమైనదే, కానీ అది పెన్షనో, అద్దో, డివిడెండో నెలనెలా వచ్చేవాళ్ళకు. ఆ ఆదాయం కనీసం పోర్చుగల్ కనీస వేతనమంత ఉండాలి, 2025లో అది 870 యూరోలు. అప్పు తెచ్చి నెల రోజులు ఖాతాలో పెట్టిన డబ్బు ఆదాయం కాదు, దాన్ని గుర్తుపట్టడం కాన్సులేట్లకు రోజూ ఉండే పని. పోర్చుగల్ కార్డు వచ్చినా దానితో జర్మనీలో ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం. ‘యూరప్ మొత్తానికి పనికొచ్చే కార్డు’ అని ఎవరైనా అంటే అతనికి తెలియదనో, మీకు తెలియదని అతనికి తెలుసుననో అర్థం. చదివిన చదువుకు తగిన ఉద్యోగం వెతుక్కుని ఆ దేశపు వీసా మీదే వెళ్ళమనండి.

*

ఇకమీదట ఉత్తరం రాసేవారికి ఒక మనవి. ‘పీఆర్ ఉంది’, ‘స్పౌజ్ కార్డు ఉంది’ అని రాస్తే సరైన జవాబు చెప్పడం కుదరదు. మీ పాస్‌పోర్టు ఏ దేశానిది, మీ మీద ఆధారపడ్డవాళ్ళ పాస్‌పోర్టులు ఏ దేశానివి, కార్డు మీద అచ్చయిన మాట అక్షరం పొల్లుపోకుండా ఏమిటి, ఏ తేదీ నుంచి ఆ దేశంలో ఉన్నారు అన్నవి తప్పక రాయండి. యూరోపియన్ పౌరుల కుటుంబాల దరఖాస్తును ఏ ఆఫీసైనా చట్టానికి విరుద్ధంగా ఆపితే, ఇక్కడికి రాసే ముందే ‘సాల్విట్’కు ఫిర్యాదు చేయండి. ప్రతి సభ్యదేశంలో ప్రభుత్వమే నడిపే కేంద్రాలు అవి, 2002 నుంచి ఉన్నాయి. ఫీజు ఏమీ ఉండదు.